తోడేళ్లకు కాదు, ముందు మంద కుక్కలకు మందు వేయండి

జనగామ వైపు గొర్లు కోస్తే కార్జంలో నీళ్ల బుడగలు కనిపిస్తున్నాయి, ఇది గుట్టల్లోని తోడేళ్ల వల్లనేనా, వాటికి మందు కలిపిన మాంసం పెట్టొచ్చా అని అడిగారు. పెట్టొద్దు. ఏ తోడేలు ఎంత తిన్నదో తెలియదు, మందు దిగినా పురుగు మళ్లీ పడుతుంది, పైగా మాంసానికి అలవాటుపడి మంద దగ్గరికే వస్తాయి. 1972 వన్యప్రాణి చట్టం కింద తోడేలు మొదటి షెడ్యూలు జంతువు కూడా.

ఆ బుడగలు ఎకినోకాకస్ అనే బద్దెపురుగు పిల్లదశ. పెద్ద పురుగు తోడేలు, నక్క, కుక్కల చిన్నపేగులో ఉంటుంది. పొడవు 2 నుంచి 7 మిల్లీమీటర్లే. వేలకొద్దీ ఉన్నా కుక్క హుషారుగానే తిరుగుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. మలంతో పడిన గుడ్లను గొర్రె గడ్డితోపాటు మేస్తుంది. కార్జంలో, ఊపిరితిత్తుల్లో బుడగ కడుతుంది. దాన్ని పచ్చిగా తిన్న కుక్కకో తోడేలుకో మళ్లీ పురుగు. గొర్రె నుంచి గొర్రెకు అంటదు. రోజంతా మంద వెంట ఉండేది కుక్కే కాబట్టి గొలుసు తెంపాల్సింది అక్కడే.

కుక్కకు ప్రాజిక్వాంటెల్ వేయాలి, కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు. 20 కిలోల కుక్కకు 100. గొర్లకు తాపగా మిగిలిన నట్టల మందు పోస్తే లాభం లేదు, ఐవర్‌మెక్టిన్, ఫెన్‌బెండజోల్ ఈ పురుగును చంపవు. మాత్ర చేదు. పొడిచేసి అన్నంలో కలిపితే కుక్క ముట్టదు, ఉడికిన మాంసం ముక్కలో దాచి మింగించండి. ఆరు వారాలకోసారి వేయాలి, మింగిన పురుగు గుడ్లు పెట్టడానికి దాదాపు అంతే కాలం పడుతుంది. మందు గుడ్లను చంపదు. రెండు రోజులు కుక్కను కట్టేసి మలాన్ని కాల్చండి, లేకుంటే ఆ గుడ్లన్నీ మేత మీదే పడతాయి.

బోనాలకు, దసరాకు, ఐనవోలు మల్లన్న మొక్కులకు కోసినప్పుడు అసలు తప్పు జరుగుతుంది: చెడ్డ కార్జం కుక్కల ముందు పడుతుంది. బుడగను పొడవొద్దు. లోపలి నీళ్లలో ఇసుకలాంటి రేణువు ఒక్కోటీ ఒక్కో పురుగవుతుంది. మూడు నాలుగు అడుగుల గుంటలో పూడ్చి ముళ్లకంప, రాళ్లు వేయండి, లోతు తక్కువైతే తవ్వి తీస్తాయి. గుంట కుదరకపోతే అరగంట మరిగించండి.

మనుషులకు ఇది కార్జం కూరతో రాదు. కుక్కను నిమిరి చెయ్యి కడగకుండా తింటే వస్తుంది. పిల్లలను చూసుకోండి.

గొర్రె తల వాల్చి గుండ్రంగా తిరుగుతుంటే మెదడులో ఇంకో రకం బద్దెపురుగు బుడగ ఉండొచ్చు. కుక్కకు మందు అదే, ఆ తలకాయను మాత్రం దానికి వేయొద్దు.