చివరి కుళాయికి నీళ్లు రావట్లేదంటే

అమ్మడూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. రెండోసారి మీ పెద్దమ్మ కూడా వింది. మిద్దె మీద ఐదు కుటుంబాల తోట, ఒకే ట్యాంకు, ఒకే పైపు, వరసగా ఐదు కుళాయిలు, చివరిది నీది. నెల రోజులుగా నీ కుళాయిలో ధార చిటికెన వేలంత సన్నబడింది. మొదటి కుళాయి ఆంటీ గారు పొద్దున్నే పైపు వదిలేసి కిందికి వెళ్లిపోతారని నీ అనుమానం. చిన్న మోటారు కొనేస్తే పోతుందని మీ ఆయన మాట. ఆంటీ గారితో గొడవా, మోటారు కొనడమూ రెండూ ఆదివారం దాకా ఆపండి.

ఇలాంటి తొందరపాటు నేనూ చేశాను. మా కాలనీ పార్కులో మొక్కలకు నీళ్లు సరిగ్గా రాకపోతే, పాత జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనప పైపు, తుప్పు పట్టి పూడిపోయి ఉంటుందని నేనే తేల్చేశాను. ఇంటింటికీ తిరిగి చందా పోగుచేసి 60 అడుగుల లైను కొత్తగా వేయించాను. కొత్త పైపులోనూ అదే ధార! చివరికి విప్పి చూస్తే ట్యాంకు కింద గేట్ వాల్వులో గేటు, అంటే నీళ్లకు అడ్డంగా దిగే పలక, కాడ నుంచి ఊడి కిందికి జారిపోయి ఉంది. పైన చక్రం మాత్రం ఎటు తిప్పితే అటు తిరుగుతోంది. చూసినవాళ్లకి వాల్వు పూర్తిగా తెరిచి ఉన్నట్టే లెక్క. ముప్ఫై ఏళ్లు నీళ్ల పనిలో ఉన్నవాణ్ణి, నేనే విప్పి చూడలేదు. ఆ చందా సంగతి ఇప్పటికీ ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉంటారు.

పనిలోకి దిగే ముందు ఒక లెక్క తెలుసుకో. ట్యాంకు నీళ్లకు ప్రెషర్ వచ్చేది ఎత్తు నుంచే. నీటి మట్టం కుళాయి కంటే 33 అడుగులు పైనుంటే ఒక కేజీ ప్రెషర్, అంటే చదరపు సెంటీమీటరు మీద ఒక కేజీ బరువు. మీ ట్యాంకు మెట్ల గది కప్పు మీద ఉంది. అది నిండుగా ఉన్నా నీ కుళాయికి 9, 10 అడుగుల ఎత్తుకు మించి దొరకదు. అంటే కేజీలో మూడో వంతు కూడా లేదు. ఇళ్లకు వెళ్లే ట్యాంకు నీళ్లు కింది అంతస్తుల్లో దూకుడుగా వస్తున్నాయని ఇక్కడా అలాగే రావాలంటే కుదరదు. స్ప్రింక్లర్లు కొని ఉంటే షాపులో తిరిగి ఇచ్చెయ్, ఆ ప్రెషర్‌కి అవి తిరగవు. అయితే నెల కిందటి దాకా బాగానే వచ్చేవంటున్నావు. ట్యాంకేమీ కిందికి దిగలేదు కదా. కాబట్టి ఎక్కడో దారి ఇరుకైంది, లేదా నీళ్లు ఇంకో చోటికి పోతున్నాయి.

మొదట బకెట్ పట్టుకో. 15 లీటర్లది చాలు, టైముకి ఫోన్ ఉంది. హోస్ పైపు ఊడదీసి, మిగతా నాలుగు కుళాయిలూ కట్టించి, నీ కుళాయి కింద బకెట్ పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూడు. హోస్ తియ్యగానే ధార బాగుంటే పని అక్కడితో అయిపోయినట్టే, దాంట్లో మెలికో, నాజిల్‌లో ఇసుకో ఉంటుంది. తర్వాత అందరి కుళాయిలూ తెరిపించి మళ్లీ పట్టు. ఒక్కదానివే పట్టినప్పుడు నిమిషంలో నిండి, అందరూ తెరిస్తే నాలుగు నిమిషాలు పడితే, పైపులో కొత్తగా వచ్చిన జబ్బేమీ లేదు, అందరూ ఒకేసారి పట్టడమే ఇబ్బంది. ఒక్కదానివే పట్టినా నాలుగు నిమిషాలైతే, ఆంటీ గారిని ఏమీ అనకు.

ఇప్పుడు అసలు పని. తాపీమేస్త్రీలు గోడలకు మట్టం చూసుకునే లెవెల్ ట్యూబు ఉంటుంది చూడు, లోపలి నీళ్లు కనిపించేది, అది 15 అడుగులు తెప్పించు. ఒక కొస కుళాయికి క్లిప్పుతో బిగించి, రెండో కొస పొడవాటి వెదురు గడకు కట్టి నిలబెట్టు. ఆ కొస మూయకూడదు. గడ మీద అడుగుకొక గీత పెట్టుకో. ట్యూబులో గాలి బుడగ ఉంటే లెక్క తప్పుతుంది, వేలితో తట్టి పైకి పంపెయ్.

మొదట అన్ని కుళాయిలూ కట్టి, ట్యూబు బిగించినదొక్కటే తెరువు. ట్యూబులో నీళ్లు ఎక్కి ట్యాంకులో ఎంత ఎత్తున ఉన్నాయో సరిగ్గా అంత ఎత్తున ఆగాలి. బాగా కిందే ఆగిపోతే ఎక్కడో కారుతోంది, లేదా పైపులో గాలి పట్టింది. సరిగ్గా ఆగితే సంబరపడిపోకు. నిలబడ్డ నీటికి అడ్డం సంగతి తెలియదు, నీళ్లు కదిలితేనే బయటపడుతుంది. అందుకని ఐదో కుళాయి పూర్తిగా తెరిచి నీళ్లు పారనిచ్చి, ట్యూబు నాలుగో కుళాయికి పెట్టి చూడు. తర్వాత మూడు, రెండు, ఒకటి. ట్యాంకు వైపు వెళ్లేకొద్దీ ట్యూబులో మట్టం కాస్త కాస్త పెరుగుతుంది. నాలుగు దగ్గర 2 అడుగులు, మూడు దగ్గర 2న్నర, రెండు దగ్గర ఒక్కసారిగా 8 వచ్చిందనుకో, రెండుకీ మూడుకీ మధ్య పైపులోనే ఉంది దొంగ. మొదటి కుళాయి దగ్గర కూడా మట్టం లేవకపోతే ట్యాంకు దగ్గరే ఏదో ఉంది. వాల్వు విప్పించు, ట్యాంకు అడుగున మడ్డి చూడు, ఫిల్టర్ ఉంటే జాలీ తీసి కడుగు. బోరు నీళ్లు కాబట్టి తెల్లగా పొర కట్టి ఉంటుంది, పాచి కూడా.

గాలి అనుమానం ఉంటే, లైను ఎక్కడైనా గుర్రపు నాడాలా పైకి లేచి దిగుతోందేమో చూడు. పిట్టగోడ దాటించడానికి ప్లంబర్లు అలా వంచుతుంటారు. గాలి ఆ మెడ దగ్గరే కూర్చుంటుంది.

కారుతోందేమో చూడాలంటే రాత్రి కుళాయిలన్నీ కట్టి, ట్యాంకులోకి వచ్చే మోటారు ఆపి, నీటి మట్టం దగ్గర గీత గీసి పొద్దున్నే చూడు. ఆ ట్యాంకు తోటకే కాబట్టి ఇది కుదురుతుంది. వెయ్యి లీటర్ల ట్యాంకులో ఒక అంగుళం దిగితే ఇంచుమించు పాతిక లీటర్లు పోయినట్టు.

మీ ఆయన మోటారు గురించి కూడా చెప్పాలి. అందరి పైపుకి నువ్వొక్కదానివే మోటారు పెడితే నీ ధార పెరుగుతుంది, మిగతా నలుగురి కుళాయిల్లో నీళ్లు తగ్గుతాయి, ఒక్కోసారి గాలి పీల్చుకుంటాయి కూడా. హైదరాబాద్‌లో జలమండలి నల్లా లైనుకి మోటారు బిగిస్తే జప్తు చేసి జరిమానా వేసేది ఇందుకే. ఇంటి పైపుకి ఎవరూ జరిమానా వెయ్యరు గానీ, లిఫ్టులో పలకరింపులు మానేస్తారు.

పైపులో జబ్బు లేదని తేలితే వంతులు పెట్టుకోండి. చెరువు కింద చివరి మడికి నీళ్లు అందేది నీరటి, అంటే పొలాలకు వంతుల వారీగా నీళ్లు వదిలే మనిషి, చేతి పార వల్లే. మీ ఐదుగురిలో ఒకరు నీరటి పని చెయ్యాలి. చివరి కుళాయికి ముందు టైము ఇవ్వండి, అప్పుడు ట్యాంకు నిండుగా ఉంటుంది. ఆ ఒకరు ఆంటీ గారైతే ఇంకా మంచిది. ఊరికే అనట్లేదు, రోజూ పొద్దున్నే పైకి వచ్చేది ఆవిడేనని నువ్వే చెప్పావు.

ఆదివారం ఐదిళ్లవాళ్లనీ పైకి రమ్మను. ట్యూబులో మట్టం దిగడం అందరూ వాళ్ల కళ్లతో చూడాలి. ఏడు గంటలకల్లా మొదలుపెట్టు, ఆలస్యమైతే ఎండకి ఆ గచ్చు మీద కాలు పెట్టలేవు. బకెట్ టైములు, గడ మీద గీతల లెక్క ఒక కాగితం మీద రాసి ఫొటో పంపు, వాల్వు విప్పించే ముందు నాకు ఫోన్ చెయ్యి. పెద్దమ్మ వంకాయ నారు కట్టి ఉంచింది, వచ్చే వారం మీ అన్నయ్య చేత పంపుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న