జ్వరం సంగతి మనవడితో చెప్పించాల్సి వచ్చిందంటే...

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మాది నల్గొండ. మా అత్తమ్మకి 63. రొమ్ము క్యాన్సర్, హైదరాబాద్‌లో కీమో నడుస్తోంది. రెండో సైకిల్, అంటే రెండో విడత మందు, అయిన పదో రోజు సాయంత్రం మా బాబు స్కూల్ నుంచి వచ్చి ‘నానమ్మకి చలేస్తోందట, ఇంకో దుప్పటి ఇమ్మంది’ అన్నాడు. ఇచ్చి పంపాను. రాత్రి తొమ్మిదింటికి మా ఆయన వచ్చి చూసేసరికి ఆమె వణికిపోతోంది, మాట తడబడుతోంది. మధ్యాహ్నం నుంచే ఒళ్లు కాలిపోతోందట. ఆడబిడ్డకి ఫోన్ చేస్తే డోలో వేసుకోమందట. నాకు మాత్రం చెప్పలేదు. తెల్లకణాలు బాగా పడిపోయాయని, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందని మూడు రోజులు ఐసీయూలో ఉంచారు. ఎలాగో గండం గడిచి ఇంటికొచ్చింది. నేను వేళకి వండి పెడుతున్నాను, గది శుభ్రం చేస్తున్నాను. అయినా మా ఆడబిడ్డ ‘నీ వంటింటి శుభ్రత వల్లే అమ్మకి ఇలా అయింది’ అని చుట్టాలందరి ముందూ అంది. అమ్మని తన దగ్గరికి తీసుకెళ్తానంటోంది. నాలుగేళ్ల కింద మా నాన్న చివరి రోజుల్లో ఉంటే పండగ పేరు చెప్పి అత్తమ్మ నన్ను పంపలేదు. అప్పటి నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. అయినా నా బాధ్యత నేను చేస్తున్నాను. ఆడబిడ్డకి ఏమని జవాబు చెప్పాలి? అత్తమ్మని పంపించేయడమే మంచిదా?

జవాబు: ఆడబిడ్డకి ఏ జవాబూ చెప్పకండి. ఆ మాట నిజం కాదని మీకు తెలిస్తే చాలు. మీరు ధైర్యంగా ఉండటానికి కాస్త వివరంగా చెబుతాను.

కీమో మందు క్యాన్సర్ కణాలతో పాటు ఒంట్లో త్వరత్వరగా పుట్టే కణాలన్నిటినీ దెబ్బతీస్తుంది. ఎముక మూలుగలో తయారయ్యే తెల్లకణాలు అలాంటివే. నోటి లోపలి పొర, పేగుల పొర కూడా అంతే. మందు ఎక్కించిన తర్వాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా కిందికి దిగుతాయి. వాటిలో న్యూట్రోఫిల్స్ అనేవి 500 కంటే తగ్గితే ప్రమాదం ఎక్కువ. ఆ సమయంలో బయటి నుంచి కొత్తగా ఏ క్రిమీ రానక్కర్లేదు. మన పేగుల్లో, నోట్లో, చర్మం మీద ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియానే పొర పలచబడిన చోట రక్తంలోకి దిగుతుంది. కీమో రోగులకు వచ్చే ఇన్‌ఫెక్షన్లలో చాలా భాగం ఇలా సొంత ఒంట్లోంచి వచ్చేవే. అద్దంలా తుడిచిన ఇంట్లో కూడా వస్తాయి. కాబట్టి మీ వంటింటి మీద పడిన నిందని అక్కడితో వదిలేయండి. మీ ఆడబిడ్డ సంగతీ ఆలోచించండి. ఫోన్‌లో డోలో వేసుకోమని చెప్పింది తనే. ఆ మాట ఆమెను లోపల తినేస్తూ ఉంటుంది. ఎవరో ఒకరిని అనకపోతే ఆమెకి నిద్ర పట్టదు. దాన్ని తిరిగి ఆమె మీదికి విసరకండి.

ఇక మీరు అడగని సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఆ దుప్పటి. పగలంతా మీరూ ఆమే ఒకే ఇంట్లో ఉన్నారు. మధ్యాహ్నం ఆమెకి చలి మొదలైంది. బాబు స్కూల్లో ఉన్నాడు. వాడు వచ్చేదాకా ఆమె ఆగింది. వచ్చాక కూడా జ్వరమని చెప్పలేదు, దుప్పటి అడిగింది. మీరు దుప్పటి వాడి చేతికిచ్చారు, గదిలోకి వెళ్లలేదు. కీమో మనిషికి వణుకుతో చలి వచ్చిందంటే అది ఇన్‌ఫెక్షన్ రక్తంలో చేరిందనడానికి గుర్తు కావచ్చు. ఆ గుర్తుని మోసే పని ఒక చిన్నపిల్లాడి మీద పడింది. వాడు బ్యాగ్ పడేసి ఆటకి పరుగెత్తి ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

ఈ కష్టంలో ఆడబిడ్డ పాత్ర చిన్నది. మీ ఇద్దరి మధ్య నాలుగేళ్లుగా ఉన్న మౌనమే అసలు సమస్య.

‘నా బాధ్యత నేను చేస్తున్నాను’ అని రాశారు. చేస్తున్నారు, నాకు అనుమానం లేదు. మీ నాన్నగారి దగ్గరికి పంపని అత్తకి వేళకి అన్నం పెట్టడం అందరి వల్లా కాదు. కానీ ఈ జబ్బులో వండి పెట్టి, గది తుడిచి తలుపు దగ్గరగా వేసి వస్తే సరిపోదు. నోట్లో పుండ్లు, మూత్రంలో మంట, విరేచనాలు, సెలైన్ ట్యూబ్ పెట్టిన చోట ఎరుపు... ఇవన్నీ ఆమె చెబితేనే మనకి తెలుస్తాయి. పగలు ఇంట్లో ఉండే మనిషితో చెప్పడానికి ఆమె మొహమాటపడితే ఇంట్లో థర్మామీటర్ ఉండి లాభం లేదు. సేవ చేయించుకుంటున్నాననే సిగ్గు ఒకటి, ఆనాడు నేను చేసింది ఈమె మరిచిపోలేదనే బెదురు ఇంకొకటి. అందుకే పక్కగదిలో ఉన్న మిమ్మల్ని వదిలి, వేరే ఊళ్లో ఉన్న కూతురికి ఫోన్ చేసింది.

మీ నాన్నగారి విషయంలో జరిగింది చిన్న తప్పు కాదు. దాన్ని మరిచిపొమ్మని నేను చెప్పను. పెద్దావిడ కదా, జబ్బు మనిషి కదా అని క్షమించేయమనీ అనను. ఆ కోపం మీది, దానికి కారణం ఉంది. ట్రీట్‌మెంట్ అయ్యాక ఒకరోజు ఆమెతోనే నేరుగా ఆ మాట అనండి, అనాలి కూడా. కానీ కోపం ఉంచుకుని కూడా మాట్లాడవచ్చు. ముందు నేను పలకరిస్తే నా మర్యాద తగ్గుతుందని చాలామంది కోడళ్లు అనుకుంటారు. తగ్గదని గట్టిగా నమ్ముతాను. ఇంట్లో ప్రాణం మీదికి వచ్చినప్పుడు ముందు నోరు తెరిచినవాళ్లే పెద్దవాళ్లు, వయసుతో పని లేదు.

కాబట్టి ఈ రాత్రి థర్మామీటర్ మీరే తీసుకుని ఆమె గదికి వెళ్లండి. మీ ఆయన్నీ బాబునీ పంపొద్దు. ‘అత్తమ్మా, ఆ రోజు దుప్పటి పంపి ఊరుకున్నాను, వచ్చి చూడాల్సింది. ఇక ఒళ్లు కాస్త వెచ్చబడినా నన్నే పిలవండి. నిద్రలో ఉన్నా లేపండి’ అనండి. అంతకంటే ఎక్కువ మాట్లాడక్కర్లేదు. మొదటిరోజు ఆమె ‘సరే’ అని ముఖం తిప్పుకోవచ్చు. మళ్లీ పొద్దున వెళ్లండి.

జ్వరం విషయంలో కొన్ని గుర్తుంచుకోండి. 100.4 డిగ్రీలు దాటితే చాలు, అర్ధరాత్రయినా ఆగకూడదు. డాక్టర్‌ని అడక్కుండా డోలో వేస్తే వేడి తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్‌ఫెక్షన్ నడుస్తూనే ఉంటుంది. హైదరాబాద్ దాకా వెళ్లాలని చూడకండి. దగ్గర్లో 24 గంటలూ ఎమర్జెన్సీ ఉన్న హాస్పిటల్‌కి వెళ్లి, లోపలికి అడుగుపెడుతూనే ‘కీమో నడుస్తోంది, ఫలానా తేదీన ఎక్కించారు’ అని చెప్పండి. గంట లోపు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలవ్వాలి. నల్గొండలో ఎక్కడికి వెళ్లాలో మీ క్యాన్సర్ డాక్టర్‌నే ముందుగా అడిగి చీటీ రాయించుకుని ఫైల్లో పెట్టండి. పెద్ద వయసువాళ్లకి, స్టెరాయిడ్ వాడేవాళ్లకి ఒక్కోసారి జ్వరం పైకి కనిపించదు. మగతగా ఉన్నా, మాట తేడాగా ఉన్నా, మూత్రం తగ్గినా అదీ ఎమర్జెన్సీయే.

మిగతావి మీకు తెలిసినవే. సబ్బుతో చేతులు కడగడం అన్నిటికంటే ముఖ్యం. వేడిగా వండినవి పెట్టండి. పచ్చి ఉల్లిపాయ, బయటి చట్నీ, కోసి అమ్మే పండ్లు వద్దు. జలుబు, దగ్గు ఉన్న చుట్టాలు ఎవరైనా సరే గడప దగ్గరే ఆగాలి. ఆ మాట మీరు చెబితే నిష్టూరం, మీ ఆయన చెబితే జాగ్రత్త. ఆయనే చెప్పాలి. ఇన్నాళ్లూ ఇద్దరి మధ్యా మాటలు మోసి నెట్టుకొచ్చిన మనిషి కనీసం ఈ పనైనా చేయాలి.

ఇక పంపాలా వద్దా అంటారా? నన్ను అడిగారు గానీ ఆమెను అడిగారా? వెళ్లాలని ఆమెకి ఉంటే పంపండి. అక్కడ రాత్రిపూట బండి తీసే మనిషి, దగ్గర్లో హాస్పిటల్ ఉన్నాయో లేదో చూసుకుని పంపండి. నిందని వదిలించుకోవడానికి మాత్రం పంపకండి. అలా పంపితే ఆమె అక్కడ కూడా జ్వరం దాచుకుంటుంది, ఈసారి అల్లుడి ముందు.

మూడో సైకిల్‌కి ముందు రక్తపరీక్ష చేస్తారు. న్యూట్రోఫిల్స్ ఎంతున్నాయి, మందు మోతాదు తగ్గించాలా, తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ ఇస్తారా అని డాక్టర్‌ని అడగండి. ఆ రోజు డాక్టర్ గదిలోకి అత్తమ్మతో పాటు మీరూ వెళ్లండి.