అమ్మమ్మది అనురాగమా, మురిపెమా?

సందేహం: ఒక ఇంగ్లీషు కథను తెలుగు చేస్తూ, మనవడి మీద అమ్మమ్మకున్న ‘ఫాండ్‌నెస్’ను ‘అనురాగం’ అని రాశాను. అది అక్కడ పొసగదని మా మాస్టారు అన్నారు. ‘అఫెక్షన్’కూ ‘ఫాండ్‌నెస్’కూ తేడా ఏమిటి? రెంటికీ ‘ప్రేమ’ అంటే చాలదా?

సమాధానం: మీ మాస్టారి అభ్యంతరం సరైనదే. అన్నాచెల్లెళ్ల అనురాగమని నేడు విరివిగా అంటున్నా, కావ్యభాషలో ఆ మాట ప్రధానంగా నాయికానాయకులకూ దంపతులకూ చెందినది కాబట్టి, అమ్మమ్మకు అంటగడితే చదివేవారికి పంటికింద రాయిలా తగులుతుంది. ‘ప్రేమ’ అంటే తప్పు కాదు గాని, అంత విశాలమైన మాట వాడితే మీ రచయిత పట్టి చూపించిన ప్రత్యేకత జారిపోతుంది.

‘ఫాండ్‌నెస్’ మనుషులకే కాక వస్తువులకూ రుచులకూ వర్తిస్తుంది. ‘అఫెక్షన్’ సాధారణంగా మనుషులనూ పెంపుడు జంతువులనూ దాటిపోదు. మన భాషలోనూ ఈ భేదం ఉంది. ఆవకాయ మీద మక్కువ ఉండవచ్చు, ఆవకాయ మీద ఆప్యాయత ఉందని ఎవరూ అనరు. అందువల్ల ‘అఫెక్షన్’కు ఆప్యాయత, అభిమానం చాలాచోట్ల సరిపోతాయి, పెద్దలు పిన్నల మీద చూపేదైతే వాత్సల్యం మరీ బాగుంటుంది. దూడ అనే అర్థమున్న ‘వత్స’ శబ్దం నుంచి పుట్టిన ఆ మాటలో తల్లిఆవు ఆరాటమంతా ఉంది.

ఇక ‘ఫాండ్’ పుట్టుక గమనించదగినది. పూర్వపు ఇంగ్లీషులో దానికి తెలివితక్కువ అని అర్థం. షేక్‌స్పియర్ నాటకంలో వృద్ధుడైన లియర్ రాజు తనను ‘ఫూలిష్ ఫాండ్ ఓల్డ్ మాన్’ అని చెప్పుకొన్నప్పుడు, ప్రేమగలవాడినని కాదు, మతిలేనివాడినని వాపోతున్నాడు. అతిగా గారాబం చేయడాన్ని తెలిపే ‘డోట్’కూ మొదట అవివేకమనే అర్థమే ఉండేది, వ్యామోహాన్ని తెలిపే ‘ఇన్‌ఫాచ్యుయేషన్’కు మూలమైన లాటిన్ పదానికీ మూఢుడనే అర్థం. దీనికి మనం ఆశ్చర్యపోనక్కరలేదు: సంస్కృతంలో ‘మోహం’ అంటే వలపూ అవును, తెలివి తప్పడమూ అవును, మన ఇళ్లలో ‘వాడికి పిల్లలంటే పిచ్చి’ అన్నా, బిడ్డను ‘నా పిచ్చితండ్రీ’ అని దగ్గరకు తీసుకొన్నా, ఆ పిచ్చిలో నింద లేశమైనా లేదు. ఒక్క జాగ్రత్త అవసరం: ‘ఫాండ్ హోప్’ అన్నచోట పాత అర్థం ఇంకా మిగిలే ఉంది కాబట్టి దానిని ‘ప్రియమైన ఆశ’ అనకూడదు, ‘వెర్రి ఆశ’ అనాలి.

మీ వాక్యానికి నేను ఎంచుకొనే మాట ‘మురిపెం’. చూసి మురిసిపోవడం, ముద్దు చేయడం, అడిగిందల్లా చేతిలో పెట్టడం అన్నీ అందులో ఇమిడి ఉన్నాయి. అయితే ‘మనవడి పట్ల అమ్మమ్మ కలిగి ఉన్న మురిపెం’ అని రాస్తే మాట తెలుగైనా వాక్యం ఇంగ్లీషుగానే ఉండిపోతుంది. ‘అమ్మమ్మకు మనవడంటే మహా మురిపెం’ అని రాయండి. కథలో ఆమె మనవడి తప్పులను కూడా వెనకేసుకొచ్చే మనిషైతే మాత్రం మురిపెం బదులు ‘గారాబం’ తీసుకొని, ‘అమ్మమ్మ మనవణ్ణి గారాబం చేసేది’ అనండి.