మీ బిజినెస్ సంగతి చాట్‌బాట్‌కి మీరే చెప్పాలి: పాఠకుల ప్రశ్నలకి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, మెయిల్స్‌లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. చిన్న బిజినెస్ చేసుకునేవాళ్ళు పోస్టులు, వెబ్‌సైట్ పేజీలు, వాట్సాప్ మెసేజ్‌లు చాట్‌జీపీటీ లాంటి చాట్‌బాట్ చేత రాయించుకోవడం గురించి. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి పెట్టి ఈ పేజీలు మొత్తం దీనికే ఇచ్చేశాం. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరివీ వేయట్లేదు.

ప్రశ్న: నేను ఇంట్లోనే డ్రెస్సులు కుట్టి ఆన్‌లైన్లో అమ్ముతానండి. చాట్‌జీపీటీని "కాటన్ డ్రెస్ మీద ఇన్‌స్టాగ్రామ్ పోస్ట్ రాయి" అని అడిగితే రోజూ అవే మాటలు వస్తున్నాయి, "మీ స్టైల్‌కి కొత్త నిర్వచనం" అనీ "సౌకర్యం, అందం కలగలిసిన" అనీ. నాలాగే అమ్మే ఇంకో నలుగురి పేజీల్లో కూడా అచ్చం ఇవే కనిపిస్తున్నాయి. పెయిడ్ ప్లాన్ తీసుకుంటే మారుతుందా?

జవాబు: మారదండి. ప్లాన్ మీద డబ్బులు పెట్టక ముందు అసలు అలా ఎందుకు వస్తోందో చూద్దాం. చాట్‌బాట్ పని చేసేది ఎలాగంటే, కోట్ల కొద్దీ పేజీల రాతలు చదివి ఒక మాట తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో నేర్చుకుంది, మీరు "కాటన్ డ్రెస్" అని రెండు ముక్కలిచ్చారు, దాంతో కాటన్ డ్రెస్ గురించి అందరూ ఎక్కువగా ఏం రాస్తారో అదే మీకిచ్చింది. మీ మిషన్ మీద కుట్టిన డ్రెస్ గురించి దానికి ఏం తెలుసు చెప్పండి? పక్క పేజీ ఆవిడా అవే రెండు ముక్కలిచ్చారు, ఆవిడకీ అదే వచ్చింది.

కాబట్టి రాయమని అడిగే ముందు మీ దగ్గరున్న సరుకు దానికివ్వాలి. ఆ సరుకు ఎక్కడుందో తెలుసా, మీ వాట్సాప్‌లో. కస్టమర్లు మిమ్మల్ని అడిగిన ప్రశ్నలు ఒకసారి పైకి స్క్రోల్ చేసి చూడండి. "మొదటి వాష్‌కే రంగు దిగుతుందా?", "తర్వాత టైట్ అయితే వదులు చేసుకోడానికి లోపల బట్ట ఉందా?", "ఫోటోలో ఉన్న రంగే వస్తుందా?". వీటిలో ఒక్కోటీ ఒక్కో పోస్టు. ఒకరు ధైర్యం చేసి అడిగారంటే అడక్కుండానే పేజీ మూసేసి వెళ్ళిపోయినవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళకి మీ జవాబు ముందే కనపడాలి.

ఇప్పుడు ఆ జవాబుని టైప్ చేయక్కర్లేదు, ఫోన్లో మైక్ నొక్కి కస్టమర్‌తో మాట్లాడినట్టే ఒక రెండు నిమిషాలు మాట్లాడండి, తడబడినా పర్లేదు. తర్వాత చాట్‌బాట్‌కి ఇలా చెప్పండి: "నేను చెప్పినదాన్ని వరసలో పెట్టు. ఇందులో లేని విషయం ఒక్కటి కూడా కలపొద్దు. పొగడ్తలు వద్దు, చిన్న వాక్యాలు చాలు. ఎక్కడైనా సరిగ్గా అర్థం కాకపోతే రాయకుండా నన్ను అడుగు." అప్పుడొచ్చే పోస్టు ఇలా ఉంటుంది: "ఈ డ్రెస్‌కి రెండు పక్కలా కుట్టు లోపల బట్ట వదిలాను, తర్వాత టైట్ అనిపిస్తే విప్పి వదులు చేసుకోవచ్చు. బట్టని కట్ చేయక ముందే తడిపి ఆరబెట్టాను కాబట్టి ఉతికాక పెద్దగా ష్రింక్ అవ్వదు." దీన్ని "కొత్త నిర్వచనం" పక్కన పెట్టి చూడండి, ఏది చదివి మీరైతే ఆర్డర్ ఇస్తారు?

ఇంకొకటి నాకు చాలా ఇష్టమైన పద్ధతి, దాన్ని రాయమనడం కాదు, మనల్ని ఇంటర్వ్యూ చేయమనడం. "నువ్వు మొదటిసారి నా దగ్గర కొనబోతున్న కస్టమర్‌వి, కాస్త అనుమానం మనిషివి, ఈ డ్రెస్ గురించి నన్ను ఒక్కో ప్రశ్న చొప్పున అడుగు" అనండి. మీరు రోజూ చేసే పని కాబట్టి మీకు చెప్పుకోదగ్గ విషయంలా అనిపించనివి, దారం ఎందుకు మార్చారు, ఆ బటనే ఎందుకు వాడారు, అన్నీ అలా బయటికొస్తాయి. సగం మందికి ఏం పోస్ట్ చేయాలో తెలీకపోవడానికి కారణం రాయడం రాక కాదు, తమ పనిలో చెప్పడానికి ఏముందో తమకే కనపడక.

అలాగే మీరు సొంతంగా రాసిన పాత పోస్టులు మూడు నాలుగు శాంపిల్‌గా ఇవ్వండి, మీరు ఎప్పుడూ వాడని మాటల లిస్టు కూడా ఇవ్వండి. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్ 2,200 అక్షరాల దాకా పెట్టనిస్తుంది గానీ ఫీడ్‌లో కనపడేది మొదటి ఒకటి రెండు లైన్లే, మిగతాది "మోర్" నొక్కితేనే. చాట్‌బాట్‌కి మొదటి లైన్లో ఉపోద్ఘాతం వేసే అలవాటు ఉంది, దాన్ని కొట్టేసి అసలు విషయం పైకి తెండి.

ప్రశ్న: మా కస్టమర్లు అందరూ తెలుగువాళ్ళే. కానీ అది రాసే తెలుగు ఏదో ప్రభుత్వ ప్రకటనలా ఉంటోంది. ఇంగ్లీషులో రాయించి తెలుగులోకి మార్చమంటే ఇంకా ఘోరంగా వస్తోంది.

జవాబు: ఇంగ్లీషులో రాయించి మార్చడం ముందు ఆపేయండి, వాక్యం ఇంగ్లీషుదే ఉండిపోయి మాటలు మాత్రం తెలుగువి అవుతాయి. ఈ చాట్‌బాట్‌లు చదివిన రాతల్లో ఇంగ్లీషుదే సింహభాగం, మన భాషది చాలా తక్కువ, ఉన్నదాంట్లో కూడా వార్తలు, వ్యాసాలే ఎక్కువ గానీ మనం ఫోన్లో మాట్లాడుకునే తెలుగు తక్కువ. పరిస్థితి మెరుగవుతోంది, అది నిజం. 2024 మేలో జీపీటీ-4ఓ అనే కొత్త మోడల్ వచ్చినప్పుడు, చాట్‌జీపీటీ తయారుచేసే కంపెనీ ఓపెన్‌ఏఐ ఇచ్చిన ఉదాహరణలో, అంతకుముందు తెలుగులో 159 ముక్కలుగా చదవాల్సిన ఒక చిన్న పలకరింపు కొత్త మోడల్‌లో 45 ముక్కలకి తగ్గింది. అంటే మన లిపిని మరీ పొడి పొడి చేసి చదివే బాధ తగ్గిందన్నమాట. కానీ మాట్లాడే తీరు దానంతటదే రాదు, మీరే చూపించాలి.

మీరు కస్టమర్లకి పంపిన మెసేజ్‌లు కొన్ని, పేర్లు తీసేసి, దానికిచ్చి "ఇలాగే రాయి" అనండి. సైజు, డెలివరీ, రిటర్న్, ఆర్డర్ లాంటివి అలాగే ఉంచమని చెప్పండి. అవతలివాళ్ళని మీరు అండి అంటారా, అక్కా అంటారా అన్నది కూడా చెప్పాలి, లేకపోతే ఒక వాక్యంలో "మీరు", ఇంకో వాక్యంలో "నువ్వు" వస్తుంది. అంతా అయ్యాక గట్టిగా పైకి చదవండి, మీ నోటికి ఎక్కడ అడ్డం తగిలిందో అక్కడ మీరే మార్చండి, దాన్ని మళ్ళీ మార్చమని అడుగుతూ కూర్చోవద్దు, మీరైతే పది సెకన్లలో అయిపోతుంది.

ప్రశ్న: నాది ఏసీ, ఫ్రిజ్ రిపేర్ సర్వీసు, చిన్న వెబ్‌సైట్ ఉంది. ఒకతను ఏఐతో నెలకి 200 ఆర్టికల్స్ వేస్తాను, గూగుల్లో పైకొస్తారు అంటున్నాడు. ఏఐ రాసిందని గూగుల్‌కి తెలిస్తే సైట్ బ్లాక్ చేస్తుందని ఇంకొకతను భయపెడుతున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇద్దరి మాటా వద్దండి. గూగుల్ 2023 ఫిబ్రవరిలోనే స్పష్టంగా చెప్పింది, ఎలా తయారైందన్నది కాదు, చదివేవాళ్ళకి పనికొస్తుందా లేదా అన్నదే మేం చూస్తాం అని. కాబట్టి ఏఐ సాయం తీసుకున్నంత మాత్రాన మీ సైట్‌కి ఏం కాదు. అయితే 2024 మార్చిలో స్పామ్ రూల్స్ మార్చి, కేవలం ర్యాంకింగ్ కోసం కుప్పలు తెప్పలుగా పేజీలు పుట్టించడాన్ని తప్పుగా చేర్చింది, అది మనిషి రాసినా మెషిన్ రాసినా ఒకటే. మీకు ఆ 200 ఆర్టికల్స్ అమ్మజూపేది సరిగ్గా అదే. పోతే పోయేది మీ సైట్, అతనిది కాదు.

గూగుల్ తన పేజీ క్వాలిటీ గైడ్‌లైన్స్‌లో 2022 డిసెంబర్లో "అనుభవం" అన్నది కూడా కలిపింది, అంటే రాసినవాళ్ళు ఆ పని స్వయంగా చేశారా లేదా అని. మీకున్న బలమే అది కదా. ఇన్నేళ్ళలో ఎన్ని మిషన్లు విప్పి ఉంటారు! "కంప్రెసర్ ఆన్ అవుతోంది కానీ గది చల్లబడట్లేదు" అని ఫోన్ వచ్చినప్పుడు మీరు ముందు ఏం చూస్తారు, ఫిల్టరా, ఔట్‌డోర్ యూనిట్ మీద దుమ్మా, గ్యాస్ లీకా, ఇంట్లోవాళ్ళు తామే చూసుకోగలిగింది ఏది, చేయి పెట్టకూడనిది ఏది. ఇది మాట్లాడి రికార్డ్ చేసి, చాట్‌బాట్‌తో సర్దించి, మీరు తీసిన ఫోటో పెట్టి ఒక పేజీ వేయండి. నెలకి రెండు అలాంటివి పడ్డా నాకు చాలు అనిపిస్తుంది. పేజీ వేసే ముందు కరెంటు, గ్యాస్ విషయాలు ఒక్కో లైనూ మీ కళ్ళతో చదవండి, అక్కడ తప్పు సలహా వెళ్తే ప్రమాదం మనుషులకి.

ఏఐ రాసిందని దొరక్కుండా చేసే టూల్స్ అని అమ్ముతున్నారు, వాటికి డబ్బులు పెట్టకండి. దొరకబట్టే టూల్సే అంత నమ్మదగ్గవి కావు. ఓపెన్‌ఏఐ సొంతంగా తెచ్చిన టూల్ వాళ్ళ పరీక్షల్లో ఏఐ రాతల్లో 26 శాతాన్నే పట్టుకుంది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐవి అంది, 2023 జులైలో దాన్ని వాళ్ళే తీసేశారు.

ప్రశ్న: హ్యాండ్‌మేడ్ సబ్బులు చేస్తాను. చాట్‌బాట్ రాసిన పోస్టులో "100 శాతం కెమికల్ ఫ్రీ, చర్మ సమస్యలు తగ్గుతాయి" అని దానంతట అదే వేసేసింది. నేనెప్పుడూ అలా చెప్పలేదు. పెట్టేయొచ్చా? అందరూ పెడుతున్నారు. రివ్యూలు కూడా దాంతో రాయించుకోమని ఫ్రెండ్స్ అంటున్నారు.

జవాబు: పెట్టొద్దండి, దయచేసి పెట్టొద్దు. సబ్బు అంటేనే నూనె, లై (కాస్టిక్ సోడా లాంటి ఘాటైన క్షారం) కలిసి జరిగే రసాయన చర్య, "కెమికల్ ఫ్రీ" సబ్బు అనేది లేనే లేదు. ఇక చర్మ సమస్య తగ్గుతుందన్న మాట వైద్యం కిందకి వస్తుంది, చాలా దేశాల్లో ఆ ఒక్క మాటతో మీ సబ్బుని మందుల రూల్స్‌తో చూస్తారు. అంతకంటే ముఖ్యంగా నిజంగానే ఎగ్జిమాతో బాధపడే మనిషి మీ పోస్టు నమ్మి డాక్టర్ దగ్గరికి వెళ్ళడం ఆపేస్తే?

"నేను రాయలేదు, చాట్‌బాట్ రాసింది" అంటే కుదరదు. ఎయిర్ కెనడా వెబ్‌సైట్లోని చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి, ఇంట్లో ఎవరైనా చనిపోయినప్పుడు ఇచ్చే టికెట్ తగ్గింపుని ప్రయాణం అయ్యాక కూడా అడగొచ్చని చెప్పింది, కంపెనీ అసలు రూల్ అలా లేదు. చాట్‌బాట్ మాటలకి తమది బాధ్యత కాదని కంపెనీ వాదించినా, 2024 ఫిబ్రవరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో చిన్న తగాదాలు తేల్చే ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు, మీ సైట్లో ఉన్నదానికి మీరే బాధ్యులు అని డబ్బు కట్టించింది. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు.

నేను పోస్టు చెక్ చేసే పద్ధతి ఒకటే. అంకెలు, గ్యారంటీలు, "అత్యుత్తమ" లాంటి మాటలు, ఆరోగ్యం మాటలు, వీటన్నిటి కింద గీత పెట్టి, ఇది నేను ఎక్కడ చెప్పాను అని చూసుకోవడం. నా దగ్గర ఆధారం లేకపోతే కొట్టేస్తాను. "ఇది కరెక్టేనా" అని చాట్‌బాట్‌నే అడగడం చెక్ చేయడం కాదు, లేనిదాన్ని ఎంత ధీమాగా రాసిందో అంతే ధీమాగా అవును అంటుంది. ప్రొడక్ట్ ఫోటోలు కూడా అంతే, ఏఐ బొమ్మలో కనపడే సబ్బు మీ దగ్గర లేదు, పార్సెల్ విప్పినవాళ్ళకి అది వెంటనే తెలిసిపోతుంది. మామూలు ఫోన్‌తో కిటికీ వెలుగులో తీసిన ఫోటో చాలు.

రివ్యూల సంగతి ఒక్క మాటలో, వద్దు. అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2024 ఆగస్టులో తెచ్చిన రూల్, ఏఐతో పుట్టించిన దొంగ రివ్యూలని కూడా నిషేధించింది, అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. దాని బదులు కొన్నవాళ్ళకి వారం తర్వాత "సబ్బు ఎలా ఉందండి, నచ్చనిదేమైనా ఉందా" అని మెసేజ్ పంపండి, ఆ మెసేజ్ చాట్‌బాట్‌తో రాయించుకోవచ్చు. ఎవరైనా కోపంగా రివ్యూ పెట్టినప్పుడు కూడా అది భలే పనికొస్తుంది, మనకి బాధగా ఉన్నప్పుడు రాసే జవాబు వేరేగా వస్తుంది కాబట్టి, మీరు చెప్పాలనుకున్నది దానికి చెప్పేసి మర్యాదగా రాయమనండి, కాసేపాగి చదివి అప్పుడు పెట్టండి.

ప్రశ్న: కస్టమర్ల లిస్టు, ఫోన్ నంబర్లతో సహా చాట్‌బాట్‌లో పేస్ట్ చేసి ఒక్కొక్కరికీ వేరే మెసేజ్ రాయించుకోవచ్చా?

జవాబు: వద్దు. వాళ్ళు నంబర్ ఇచ్చింది మీకు. పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదిలి మెసేజ్ ఒక్కటే రాయించుకోండి, పేర్లు మీ ఫోన్లో మీరు వేసుకోవచ్చు. చాట్‌జీపీటీ సెట్టింగ్స్‌లో డేటా కంట్రోల్స్ దగ్గర మీ చాట్స్‌ని ట్రైనింగ్‌కి వాడుకోకుండా ఆపే స్విచ్ ఉంది, అదీ ఆఫ్ చేసుకోండి, కానీ ఆఫ్ చేశాం కదా అని లిస్టు పేస్ట్ చేయొద్దు.

ప్రశ్న: షాపు, డెలివరీ, లెక్కలు అన్నీ నేనొక్కడినే. రోజూ పోస్ట్ పెట్టాలంటారు. చాట్‌బాట్ ఉన్నా నా వల్ల కావట్లేదు.

జవాబు: రోజూ ఎవరు పెట్టమన్నారండి? వారానికి ఒక్క అసలైన విషయం తీసుకోండి, ఆ వారం కస్టమర్ అడిగినదో, మీరు మార్చినదో. దాన్ని ఒకసారి మాట్లాడి రికార్డ్ చేస్తే చాట్‌బాట్ దాన్నే వాట్సాప్ స్టేటస్‌కి రెండు లైన్లుగా, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కి (గూగుల్ సెర్చ్, మ్యాప్స్‌లో కనపడే మీ షాపు పేజీకి) ఒక పోస్టుగా, అక్కడ 1,500 అక్షరాల దాకా పడుతుంది, రీల్‌లో మీరు చెప్పాల్సిన మాటలుగా మార్చి ఇస్తుంది. ఇలాంటి పనికి అది నిజంగా బంగారం, ఎందుకంటే విషయం మీదే, అది చేసేది సైజులు మార్చడమే. కొత్తగా వచ్చిన ప్రతి కస్టమర్నీ "మా గురించి ఎక్కడ చూశారు" అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. లైకులు ఎక్కువొచ్చిన పోస్టు, ఫోన్లు తెచ్చిన పోస్టు చాలాసార్లు వేరు వేరుగా ఉంటాయి. రెండు నెలలయ్యాక ఆ నోట్‌బుక్ చూసి ఫోన్లు తేని చోట రాయడం మానేయండి, అక్కడ మిగిలిన టైమ్‌లో కాస్త రెస్ట్ తీసుకోండి.