రంజిత్ సింగ్‌కు ముందు పంజాబును ఏలినదెవరు?

రంజిత్ సింగ్ 1801లో పంజాబు మహారాజు కాకముందు సిక్కులకు రాజ్యాలంటూ ఉండేవా, లేక వారు దోపిడీ చేసుకుంటూ తిరిగిన గుర్రపు దండులేనా అన్నది ఇక్కడి ప్రశ్న. రాజ్యాలు ఉండేవి. వాటిని మిస్లులు అనేవారు. సాధారణంగా పన్నెండుగా లెక్కపెడతారు. దోపిడీలు జరగలేదని ఎవరూ అనలేరు గానీ, 1765లో లాహోరును పట్టుకొని, మధ్యమధ్య అఫ్గాన్లు వచ్చిపోయినా 1799 దాకా దానిని ఏలి, నాణెం కూడా వేసినవారిని వట్టి దండు అని తీసిపారేయడం న్యాయం కాదు.

నేను చరిత్రకారుణ్ణి కాను. బ్యాంకు ఉద్యోగంలో బదిలీపై కొంతకాలం అమృత్‌సర్‌లో ఉన్నాను. ఖాతాదారుల దుకాణాల కోసం పాత నగరంలో తిరిగేటప్పుడు కట్రా ఆహ్లూవాలియా, కట్రా భంగియాఁ వంటి పేటల పేర్లు వినిపించేవి. అవన్నీ మిస్లుల పేర్లేనని ఒక వృద్ధ బట్టల వర్తకుడు చెప్పాక ఈ విషయం మీద ఆసక్తి కలిగి, దొరికినవన్నీ చదివాను. ఒక్కొక్క సర్దారు, అంటే మిస్లు నాయకుడు, తన పేటను తానే కట్టించుకొని, తన వర్తకులను అక్కడ నిలిపి, దాని సుంకాన్ని తానే వసూలు చేసుకున్నాడు. అంతటి నగరానికి ఒకే రాజు లేడు. అయినా నగరం నడిచింది, పెరిగింది. మిస్లుల పాలన ఎటువంటిదో నాకు ఆ వీధుల్లోనే ఎక్కువగా అర్థమైంది.

ఈ మిస్లులు అకస్మాత్తుగా పుట్టలేదు. గోదావరి ఒడ్డున నాందేడ్‌లో గురు గోవింద్ సింగ్‌ను కలిసిన బైరాగి బందా సింగ్ బహదూర్ 1710లో మొగలుల చేతిలోని సర్‌హింద్‌ను గెలిచి, 1716లో ఢిల్లీలో మరణశిక్షకు గురైన తరువాత, సిక్కులు చాలాకాలం అడవుల్లోనూ కొండల్లోనూ చిన్న చిన్న జట్లుగా బతికారు. 1748లో అమృత్‌సర్‌లో వైశాఖి నాడు ఆ జట్లన్నీ దళ్ ఖాల్సా అనే ఉమ్మడి సైన్యంగా ఏకమై, జస్సా సింగ్ ఆహ్లూవాలియాను నాయకుడిగా ఎన్నుకున్నాయి. 1762 ఫిబ్రవరిలో మలేర్‌కోట్లా సమీపాన కుప్ వద్ద అఫ్గాన్ రాజు అహ్మద్ షా అబ్దాలీ సైన్యం వేలమంది సిక్కులను, స్త్రీలూ పిల్లలూ అనక చంపింది. ఆ దెబ్బతో తుడిచిపెట్టుకుపోవలసినవారు రెండేళ్ళు తిరగకుండానే సర్‌హింద్‌ను మళ్ళీ పట్టుకోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

దోపిడీకీ పాలనకూ మధ్య గీత గీసినది రఖీ అనే ఏర్పాటు. ఒక గ్రామం తన పంటలో సుమారు ఐదో వంతును పంట కాలానికొకసారి, అంటే ఏడాదికి రెండుసార్లు, ఒక మిస్లుకు చెల్లించేది. అందుకు బదులుగా అఫ్గాన్ల నుంచీ, మొగలు అధికారుల నుంచీ, ఇతర సిక్కు జట్ల నుంచీ కూడా ఆ ఊరిని కాపాడే బాధ్యత ఆ మిస్లుది. లాహోరు సుబేదారు, అంటే మొగలు రాష్ట్రాధికారి, అడిగే శిస్తు కన్నా ఇది తేలికగా ఉండడం వల్లనే రైతులు దీనికి మొగ్గారని నా అభిప్రాయం. రఖీ చెల్లించే ఊళ్ళే కాలక్రమాన మిస్లు భూభాగాలయ్యాయి.

గెలిచిన నేలంతా సర్దారు సొంతం కాదు. దండులో తన గుర్రంతో తాను వచ్చి చేరిన చిన్న రౌతుకు కూడా వాటా ఉండేది, ఆ వాటాపై అతని హక్కును సర్దారు సులభంగా కాదనలేడు. సర్‌హింద్ పడ్డాక రౌతులు రాత్రింబగళ్ళు స్వారీ చేస్తూ, దారిలోని ఒక్కో ఊళ్ళో నడికట్టో, కత్తి ఒరో, పైబట్టో విసిరి ఆ ఊరు తమదని గుర్తుపెట్టుకున్నారని ఒక కథ ప్రచారంలో ఉంది. అందులో అతిశయోక్తి ఉండవచ్చు, కానీ వాటాల పద్ధతికి అది సరిగ్గా సరిపోతుంది.

వైశాఖికీ దీపావళికీ సర్దారులందరూ అమృత్‌సర్‌లోని సిక్కుల పీఠమైన అకాల్ తఖ్త్ ముందు సర్బత్ ఖాల్సా అనే సభగా కూడి, అక్కడ చేసిన తీర్మానాన్ని గురువు ఆజ్ఞగా భావించేవారు. లాహోరులో వేసిన నాణెంపై ఏ సర్దారు పేరూ లేదు, గురువుల పేర్లే ఉన్నాయి. హర్‌మందిర్ సాహిబ్ (స్వర్ణాలయం) సరోవరం చుట్టూ తమ మనుషుల బసకూ, ఆలయ రక్షణకూ మిస్లులు బుంగాలనే కట్టడాలు కట్టించాయి. ఇరవయ్యో శతాబ్దంలో ప్రదక్షిణ మార్గాన్ని వెడల్పు చేసినప్పుడు వాటిలో చాలావాటిని తొలగించారు. రెండు ఎత్తైన బురుజులతో రామ్‌గఢియా బుంగా ఇప్పటికీ నిలిచి ఉంది; ఆలయానికి వెళ్ళే మనవాళ్ళలో దానివైపు తలెత్తి చూసేవారు తక్కువ.

దీనిని ప్రజాస్వామ్యమని పొగిడేవారితో నేను ఏకీభవించలేను. బయటి శత్రువు బలంగా ఉన్నంతకాలమే ఈ ఐక్యత నిలిచింది. అబ్దాలీ భయం తగ్గగానే ఆహ్లూవాలియా, కన్హయ్యా, భంగీ మిస్లులు కలిసి మరో మిస్లు నాయకుడైన జస్సా సింగ్ రామ్‌గఢియాను సట్లెజ్ అవతలికి తరిమాయి. తరువాత సుకర్‌చక్కియా మిస్లు ఆయనను తిరిగి పిలిపించి కన్హయ్యాల మీదికే నడిపించింది. ఆ పోరులో కొడుకును కోల్పోయిన కన్హయ్యాలు, అతని కుమార్తెను సుకర్‌చక్కియా వారసుడైన రంజిత్ సింగ్‌కు ఇచ్చి పగను వియ్యంగా మార్చుకున్నారు. వధువు తల్లి సదా కౌర్ అండతోనే అతడు 1799లో భంగీ సర్దారుల నుంచి లాహోరు తీసుకున్నాడు. ఇది గుర్తించకుండా రంజిత్ సింగ్ శూన్యంలోంచి రాజ్యాన్ని నిర్మించాడని రాయడం పొరపాటు.

1801లో మహారాజైన తరువాత అతడు మిస్లులను ఒక్కొక్కటిగా కలుపుకున్నాడు, చివరికి సదా కౌర్ భూములను కూడా వదలలేదు. 1805 తరువాత సర్బత్ ఖాల్సాను పిలవలేదు. సట్లెజ్‌కు దక్షిణాన ఉన్న పటియాలా, నాభా, జింద్ పాలకులు మాత్రం అతనికి భయపడి ఆంగ్లేయుల రక్షణ కోరారు. 1809 అమృత్‌సర్ సంధితో ఆ నదే సరిహద్దయింది. లాహోరు రాజ్యం 1849లో ఆంగ్లేయుల వశం కాగా, ఆ మూడు సంస్థానాలు స్వాతంత్ర్యం వచ్చేదాకా కొనసాగాయి.