ప్లాన్ ఇచ్చేముందు ఒకసారి చదువు

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

ప్రకృతి తీరు చూసి తోటనూ పొలాన్నీ తీర్చిదిద్దే పద్ధతి, అదే పర్మాకల్చర్, దాని 72 గంటల కోర్సు నువ్వు పూర్తి చేశావనీ, ఆ సూత్రాలతో మీ కంపెనీ పనితీరునే మార్చబోతున్నావనీ, ఉగాది నుంచి మూడు అంతస్తుల్లోనూ ఒకేసారి మొదలనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీ ప్లాన్ ఫోటో కూడా పంపింది. మన ఇంటి పిల్ల అంత పని తలకెత్తుకుంటే గర్వంగా ఉండదా? ఉంది. కానీ ఆ ఫోటో పెద్దది చేసి చదివాక గుండెల్లో దడ కూడా మొదలైంది.

మామూలు సంగతులు ముందు కానిచ్చేస్తాను. పైవాళ్ల అనుమతి రాతలో తీసుకో. ఖర్చు లెక్క నువ్వే వెయ్యి, ఇంకొకరికి వదలకు. మొదటి మూడు నెలల్లో కంటికి కనిపించే ఫలితం ఒక్కటైనా చూపించు. పర్మాకల్చర్‌ను మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకడైన డేవిడ్ హోమ్‌గ్రెన్ చెప్పిన 12 సూత్రాల్లో మూడోది దిగుబడి గురించేనని నువ్వే నాకు చెప్పావు.

ఇక అసలు మాట. నీ ప్లాన్‌లో మొదటి సూత్రం, గమనించడం, దానికి ఒక్క వారం ఇచ్చావు. ఆరోది, ఏదీ వృథా కాకూడదన్నది, దాని కింద తొమ్మిది పనులు రాశావు. పదకొండోది, అంచులను వాడుకోవడం, అక్కడ ఖాళీ. ఆ తొమ్మిది పనుల్లో మొదటిది ఏమిటో చూసుకో: అంతస్తుకొకటి ఉన్న టీ గది ఎత్తేసి, సీట్ల దగ్గరికే టీ పంపడం.

బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో మా ఫ్యాక్టరీ గేటు పక్కన రేకుల షెడ్డులో టీ దుకాణం ఉండేది. నేను ఇన్‌స్పెక్షన్ విభాగంలో ఉండేదాన్ని. రెండు గంటలకు మొదటి షిఫ్టు దిగుతుంది, రెండో షిఫ్టు ఎక్కుతుంది. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఆ షెడ్డు కింద పావుగంట కలిసి నిలబడేవాళ్లు. సగం కన్నడం, సగం తమిళం, మధ్యలో మన తెలుగు. "మూడో లేత్ శబ్దం ఎందుకో తేడాగా ఉంది, చూసుకో." "ఈ లాట్ ఇనుము గట్టిది, టూలు తొందరగా అరుగుతోంది." ఇలాంటివే. తర్వాత క్రికెట్, చిట్టీల గొడవ, ఎవరి పెళ్లి ఎప్పుడో.

కొత్తగా వచ్చిన మేనేజరు చెడ్డవాడేమీ కాదు. తెలివైనవాడు, లెక్కలో దిట్ట. స్టాప్‌వాచీ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. పావుగంటను మనుషుల సంఖ్యతో హెచ్చవేసి, నెలకు ఇన్ని గంటలు గాల్లో కలిసిపోతున్నాయని బోర్డు మీద రాశాడు. షెడ్డు తీయించాడు. టీ బండి మెషీన్ల దగ్గరికే వచ్చేది. షిఫ్టు అప్పగింతకు ఒక రిజిస్టరు పెట్టాడు, సంతకంతో సహా.

రిజిస్టరులో రోజూ ఒకటే మాట: "అంతా సరిగా ఉంది." మరి ఏమి రాస్తారే? శబ్దం తేడాగా ఉందని నోటితో చెబితే అది సాయం. సంతకం పెట్టి రాస్తే అంతకుముందు షిఫ్టువాడి మీద ఫిర్యాదు. ఎవరు రాస్తారు? కొన్ని వారాలకు నా బల్ల మీద రిజెక్షన్ పెట్టెలు పేరుకున్నాయి. భాగాల్లో తొలిచిన రంధ్రాల కొలతలు గేజ్‌కు అందడం లేదు. ముందు టూళ్ల సరఫరాదారును తిట్టారు, తర్వాత ఇనుమును తిట్టారు, ఆ తర్వాత మనుషుల మీద పడ్డారు. కడప వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు, నన్ను అక్కా అని పిలిచేవాడు, వాణ్ణి సస్పెండ్ చేశారు. వాడు ఊరికి వెళ్లిపోయాడు, తిరిగి రాలేదు. మేనేజరుకు ప్రమోషన్ వచ్చింది, వేరే ప్లాంటుకు వెళ్లాడు. టీ షెడ్డు మాట ఎవరికీ తట్టనే లేదు.

ఆ ఇద్దరిలో రెండోవాడు బిల్ మాలిసన్ చెప్పింది కూడా ఇదే కదా, తోటలో ప్రతి వస్తువూ ఒకటికి మించి పనులు చేయాలని? షెడ్డు చేసే పనుల్లో టీ ఒక్కటే లెక్కకు అందింది. రెండు షిఫ్టులు తాకే ఆ అంచు మీదే ఫ్యాక్టరీకి కావలసిన కబురంతా నడిచిందని ఎవరూ చూడలేదు. చూడడానికి వారం సరిపోదు తల్లీ.

మీ ఆఫీసు ఉన్న బెళ్లందూరు సంగతే తీసుకో. బెంగళూరు పాత చెరువులు గొలుసుగా కట్టినవి. ఒకటి నిండి అలుగు పారితే ఆ నీళ్లు రాజకాలువ గుండా కింది చెరువుకు చేరాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు సన్నగా పారే కాలువ కదా, ఖాళీ జాగాలా కనిపించింది. పూడ్చారు, ఆక్రమించారు, కట్టారు. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు మునిగింది. నువ్వు ట్రాక్టరెక్కి ఆఫీసుకు వెళుతూ నవ్వుతున్న ఫోటో పంపావు. నాకైతే నవ్వు రాలేదు.

పర్మాకల్చర్ వాళ్లు వీలైతే ఒక ఏడాది నేలను చూడమంటారు. కంపెనీ అంత ఆగదు, నాకు తెలుసు. ఒక క్వార్టరైనా అడుగు: నెలాఖరు హడావుడి, అప్రైజల్ రోజులు, పండగ సెలవుల్లో సగం ఖాళీ ఆఫీసు, మూడూ నీ కళ్లబడాలి. ఎవరు ఎవరి దగ్గరికి నడిచి వెళ్లి అడుగుతున్నారో రాసుకో. హౌస్‌కీపింగ్ అమ్మలను కూర్చోబెట్టి అడుగు, వాళ్లలో తెలుగువాళ్లు తప్పకుండా ఉంటారు. ఏ గదిలో ఎవరు ఏడ్చారో కూడా వాళ్లకు తెలుస్తుంది.

ఉగాదికి మొదలుపెట్టి తీరాలంటే మీ టీమొక్కదానితో మొదలుపెట్టు. మనిషి ఎంత తరచుగా వెళతాడన్నదాన్ని బట్టి మీరు నేలను మండలాలుగా విడదీస్తారు కదా, ఇంటి గుమ్మానికి దగ్గరగా, రోజూ నడిచే చోటే మొదటి మండలం. అలాగే అయిదో మండలం, మనిషి చెయ్యి పెట్టకుండా వదిలేసే అడవి, ఆఫీసులోనూ ఒకటి గీసి ఉంచు. అక్కడ నీ మార్పులేవీ వద్దు. అభిప్రాయాలు తీసుకునే యాప్‌లో పేర్లు అడగకు, నిజం చెప్పినవాడికి నష్టం జరిగితే నీ నాలుగో సూత్రం, స్పందన వినడమన్నది, ఆ రోజుతో సరి.

నా భయం నువ్వు ఓడిపోతావని కాదు. నీ ప్లాన్‌లో "వృథా" అన్న పదం కింద ఎవరి ఉద్యోగమో చేరుతుందని, దాని కింద నీ సంతకం ఉంటుందని. ఆ తర్వాత నువ్వు ఆ మేనేజరులా హాయిగా నిద్రపోయే మనిషివి కావు. చిన్నప్పుడు చీమల పుట్ట తొక్కానని అన్నం మానేసిన పిల్లవి.

అన్నం అంటే గుర్తొచ్చింది, రాత్రుళ్లు మళ్లీ బిస్కెట్లతో కడుపు నింపుకుంటున్నావట. మీ అమ్మ అదీ చెప్పింది. ఆదివారం మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి దాసరహళ్లిలో దిగు, గోంగూర పప్పు చేస్తాను. ప్లాన్ కాగితం మీద ప్రింటు తీసుకురా, ఫోన్‌లో చదివితే నా కళ్లు లాగుతున్నాయి. తొమ్మిది పనులూ ఒక్కొక్కటిగా చూద్దాం. టీ గది ఎత్తేసే పని మాత్రం అంతదాకా ఆగకుండా ఈ రాత్రే ప్లాన్‌లోంచి కొట్టెయ్యి.

నీ పెద్దమ్మ