ల్యాప్‌టాప్‌లో కనపడే ఫొటోలు ఫోన్‌లో రావట్లేదు

ప్రశ్న: మా బావ బట్టల షాప్‌కి జాంప్‌లో (సొంత కంప్యూటర్‌లోనే సైట్ నడిపే సాఫ్ట్‌వేర్), లోకల్‌హోస్ట్ స్లాష్ షాప్ అనే ఫోల్డర్‌లో వర్డ్‌ప్రెస్ సైట్ చేశానండి. లైవ్‌లో పెట్టి సెట్టింగ్స్‌లో అడ్రస్ మార్చాను. నా ల్యాప్‌టాప్‌లో అంతా బాగుంది, బావ ఫోన్‌లో మాత్రం ఫొటోలు రాలేదు. డేటాబేస్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి పాత అడ్రస్‌ని రీప్లేస్ చేశాను, ఫొటోలు వచ్చాయి గానీ థీమ్ సెట్టింగులు, విడ్జెట్లు ఎగిరిపోయాయి. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ ల్యాప్‌టాప్‌లో జాంప్ ఇంకా నడుస్తోంది కదండీ, అందుకే కనపడ్డాయి! పోస్టుల లోపల ఫొటో అడ్రస్ పూర్తిగా లోకల్‌హోస్ట్‌తో సేవ్ అయి ఉంటుంది, సెట్టింగ్స్‌లో మార్చినా అది మారదు, లోకల్‌హోస్ట్ అంటే ‘ఈ మెషినే’ అని అర్థం కాబట్టి బావగారి ఫోనేమో తనలోనే వెతుక్కుని ఊరుకుంది. లైవ్ సైట్‌ని ఎప్పుడూ జాంప్ ఆపేసి చూడండి, లేదా వేరే ఫోన్‌లో చూడండి.

ఇక నోట్‌ప్యాడ్ సంగతి. థీమ్, విడ్జెట్ల సెట్టింగుల్ని వర్డ్‌ప్రెస్ సీరియలైజ్ చేసి దాస్తుంది, అంటే ప్రతి ముక్క పక్కన దాని పొడవు కూడా రాసుకుంటుంది. మీ పాత అడ్రస్ హెచ్‌టీటీపీతో కలిపి 21 అక్షరాలు. మీరు అడ్రస్ మార్చారు గానీ పక్కన 21 అలాగే ఉండిపోయింది, లెక్క తప్పేసరికి ఆ సెట్టింగ్ మొత్తం చదవడం కుదరక డిఫాల్ట్‌కి వెళ్లిపోయింది. కాబట్టి నోట్‌ప్యాడ్‌లో ముట్టుకోని పాత బ్యాకప్‌నే మళ్లీ ఇంపోర్ట్ చేయండి. అప్పుడు లాగిన్ పేజీ కూడా లోకల్‌హోస్ట్‌కే లాగుతుంది, కంగారు పడొద్దు, వర్డ్‌ప్రెస్ ముఖ్య సెట్టింగులుండే డబ్ల్యూపీ కాన్ఫిగ్ ఫైల్‌లో హోమ్, సైట్ యూఆర్‌ఎల్ రెండూ లైవ్ అడ్రస్‌తో డిఫైన్ చేస్తే లోపలికి వెళ్లొచ్చు. తర్వాత బెటర్ సెర్చ్ రీప్లేస్ ప్లగిన్ వేసి, పాత అడ్రస్, లైవ్ అడ్రస్ ఇచ్చి, ముందు డ్రై రన్ (ఏమీ మార్చకుండా ఎన్ని మారతాయో చూపించడం) చూసుకుని రీప్లేస్ కొట్టండి, పొడవు లెక్క అదే సరిచేస్తుంది. హోస్టింగ్‌లో కమాండ్ లైన్ ఉంటే ఇదే పనిని కమాండ్‌తో చేసే డబ్ల్యూపీ సీఎల్‌ఐ ఇంకా హాయి. లోపలి పేజీలు 404 (పేజీ దొరకలేదు) అంటే సెట్టింగ్స్‌లోని పర్మాలింక్స్‌లోకి వెళ్లి ఊరికే సేవ్ నొక్కండి, పేజీల దారులు రాసుండే హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌లో మిగిలిన స్లాష్ షాప్ పోతుంది.

అసలు సబ్‌ఫోల్డర్‌లో చేయడమే నాకు నచ్చదు. ఈసారి జాంప్‌లోని సర్వర్ అపాచీలో వర్చువల్ హోస్ట్ (సైట్‌కి విడిగా ఒక పేరు) పెట్టి, విండోస్ హోస్ట్స్ ఫైల్‌లో బావషాప్ డాట్ టెస్ట్ లాంటి పేరు 127.0.0.1కి, అంటే మీ కంప్యూటర్‌కే, కలిపేయండి, అప్పుడు ఇక్కడా అక్కడా సైట్ రూట్‌లోనే ఉంటుంది, తేడా డొమైన్ పేరొక్కటే. డాట్ టెస్ట్ 1999 నుంచీ టెస్టింగ్ కోసమే పక్కన పెట్టింది, డాట్ డెవ్ మాత్రం వద్దు, అది నిజం డొమైన్, బ్రౌజర్లు దానికి హెచ్‌టీటీపీఎస్ లేకపోతే ఒప్పుకోవు.